దొర్కాస్ రాజీనామా

సాయంత్రం నాలుగయ్యేసరికి దొర్కాస్ పని మానేస్తానని చెప్పడానికి గదిలోకి వచ్చేది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, బల్ల దగ్గర నిలబడి, "అయ్యా, మీతో ఒక మాట చెప్పుకోవాలి" అనేది. పేపర్ చదువుకుంటున్న యజమాని తల కూడా ఎత్తకుండా "టీ అయ్యాక చూద్దాం, దొర్కాస్" అనేవాడు. ఈలోగా ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు. గంటా పావు సినిమాలో ఆ పిల్ల తొమ్మిదిసార్లు ఇదే మాటతో వస్తుంది. తొమ్మిదిసార్లూ టీ పెట్టి వెళ్ళిపోతుంది.

ఈ సినిమాని దీవెనమ్మ మస్కట్‌లో, కురుమ్‌లో ఉన్న ఒక తెల్లదొర ఇంట్లో, ఫిబ్రవరి నుంచి రోజూ చూస్తోంది. ఇష్టమై కాదు. దొరని కుర్చీలో కూర్చోబెట్టి, డిస్కు పెట్టి, ఆయన పక్కన ఉండటం ఆమె డ్యూటీలో భాగం. ఇంగ్లండులో సినిమాకి అప్పుడప్పుడే మాటలు వచ్చిన రోజుల్లో, పందొమ్మిది వందల ముప్ఫై ఒకటిలో తీశారట. బాగా ఆడుతున్న ఒక నాటకాన్ని ఎత్తుకొచ్చి, ఆ నటుల్నే పెట్టి, ఉన్నదున్నట్టు కెమెరా ముందు ఆడించేశారు. అంతా ఒకే గది, మూడు తలుపులు. ఎవరికి మాట్లాడాలనిపించినా ముందు వచ్చి బల్ల మీది పూలకూజా పక్కన నిలబడాల్సిందే. మైకు ఆ కూజాలో దాచేవారని దొర కొడుకు మార్టిన్ ఒకసారి ఫోన్లో చెప్పాడు. కోపమొచ్చినా, ప్రేమ పుట్టినా, ఇంటికి నిప్పంటుకున్నా ఆ కూజా దగ్గరికే వచ్చి చెప్పుకోవడం చూస్తే దీవెనమ్మకి మొదట్లో నవ్వొచ్చేది.

తర్వాత రాలేదు. కథ తెలిశాక నవ్వేముంది? దొర్కాస్‌కి చనిపోయిన పిన్నిగారి ఇల్లొకటి సముద్రం ఒడ్డున దక్కింది. వెళ్ళి ఆ ఇంట్లో ఉండాలని ఆ పిల్ల కోరిక. పని మానేస్తానని చెప్పాలి, వినేవాడు లేడు. ఆఖరి సీను దాకా అంతే సినిమా. దీనికి ఆ రోజుల్లో జనం కుర్చీల్లోంచి పడీపడీ నవ్వారట.

దీవెనమ్మకి దొర్కాస్ పేరు కొత్తది కాదు. పాలకొల్లులో వాళ్ళ చర్చి ఆడవాళ్ళ సమాజానికి దొర్కా సమాజమనే పేరు, బైబిల్లో బీదవాళ్ళకి బట్టలు కుట్టిపెట్టిన ఆవిడ పేరు మీద. అందుకే ఆ పిల్ల మీద మొదటిరోజే కాస్త అభిమానం పుట్టింది. ఆమెకీ పాలకొల్లులో రెండు గదుల ఇల్లుంది. కట్టి ఆరేళ్ళయింది. సెలవుల్లో వెళ్ళి ఆ ఇంట్లో ఆమె పడుకున్న రాత్రులన్నీ కలిపినా ఒక ఏడాదికి చాలవు. భర్త మనోహరం గారు, రిటైరైన కాంపౌండరు, అక్కడ ఒక్కరే వండుకు తింటున్నారు. ఇరవై రెండేళ్ళు ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసింది. కిందటేడాది చివర ఆ పోస్టు ఈ దేశపు పిల్లకి ఇచ్చారు. న్యాయమే, వాళ్ళ దేశం వాళ్ళది. ఇక ఇంటికి పోదామని పెట్టె సర్దుకుంటుంటే చర్చిలో ఎవరో చెప్పారు, ఒక పెద్దాయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, మూడు నెలలు చూసుకునే మనిషి కావాలని. మూడు నెలలే కదా అనుకుంది.

ఏప్రిల్‌లో మార్టిన్‌కి ఫోన్ చేసి వెళ్ళిపోతానంది. ఫిజియోథెరపీ అయ్యేవరకు ఉండండి అన్నాడు. జూన్‌లో అడిగితే, రంజాన్ నెలలో కొత్త మనిషికి వీసా కదలదు, అది వెళ్ళాక చూద్దాం అన్నాడు. జులైలో అడిగితే అతని భార్యకి ఆపరేషన్. చెడ్డవాడు కాదు, ప్రతిసారీ నిజమే చెప్పాడు. కానీ ప్రతిసారీ ఫోన్ పెట్టేశాక దీవెనమ్మ వెళ్ళి టీ పెట్టేది. కోపం వచ్చేంత ఓపిక కూడా ఆమెకి లేదు. యాభై నాలుగేళ్ళ మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి. ఎనభై ఏళ్ళ బరువైన మనిషిని రోజుకి ఆరుసార్లు లేపి కూర్చోబెట్టి, మళ్ళీ పడుకోబెట్టి, నడుం పట్టేసింది. ఆమెకి ఉన్నది ఒకే ఒక్క కోరిక. తన మంచం మీద, తన దుప్పటి కప్పుకుని, ఎవరూ బెల్లు కొట్టకుండా పడుకోవాలి. ఎన్నాళ్ళో కూడా అనుకోలేదు. ముందు పడుకోనివ్వండి, తర్వాత చూద్దాం.

దొర పేరు ఎడ్విన్. నలభై ఏళ్ళ కిందట బావులు తవ్వించే ఇంజనీరుగా ఒమన్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భార్యని ఇక్కడి సమాధుల తోటలోనే పెట్టుకున్నాడు. సినిమాలో దొర్కాస్ వేషం వేసింది ఆయన కన్నతల్లి. అప్పటికి ఈయన పుట్టనేలేదు. అంచేత నాలుగు గంటలకి ఆయన చూసేది సినిమా కాదు, ఇరవై ఏళ్ళ వయసులో ఉన్న వాళ్ళమ్మని. ఆ సంగతి తెలిశాక దీవెనమ్మ ఎంత అలిసిపోయి ఉన్నా ఆ డిస్కు మాత్రం ఒక్కరోజు మానలేదు.

ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం. శుక్రవారాలు ఆమె పొద్దున్నే ఘాలాలోని చర్చి ఆవరణకి వెళ్ళి, ఆరాధన ముందు పిల్లలకి సండే స్కూలు చెప్తుంది. ఈ దేశంలో సెలవు శుక్రవారం గనక సండే స్కూలూ శుక్రవారమే. పిల్లలకి వాక్యాలు కంఠతా పట్టించడం ఆమె పని. సగం తను అంటుంది, తక్కిన సగం పిల్లలు అందుకోవాలి. అందుకోలేనివాళ్ళు నిలబడాలి. చిన్నప్పుడు ఆమె నేర్చుకున్నదీ అలాగే. అర్థం ఆ తర్వాత ఎప్పుడో, అవసరం పడ్డ రోజున తెలుస్తుంది.

ఆ రోజు చర్చి నుంచి వచ్చి, దొరకి తినిపించి, నాలుగింటికి డిస్కు పెట్టింది. దొర్కాస్ మొదటిసారి గదిలోకి వచ్చి నోరు తెరవగానే బొమ్మ ఆగిపోయింది. తోటపని, ఇంటిపని చూసే దేవయ్య వచ్చి ఆ పెట్టెని రెండు చరుపులు చరిచాడు. కదల్లేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయిన ఆ పిల్లని చూస్తుంటే దీవెనమ్మకి విసుగొచ్చింది. పొద్దుటి నుంచి పిల్లలతో అన్న ధోరణిలోనే, ఆ మాట తనే ఇంగ్లీషులో అనేసింది.

"అయ్యా, మీతో ఒక మాట చెప్పుకోవాలి."

"టీ అయ్యాక చూద్దాం, దొర్కాస్."

సినిమా కదిలిందనుకుంది. తెర మీద దొర్కాస్ నోరు తెరుచుకునే ఉంది. దేవయ్య చెయ్యి గాల్లోనే ఉంది. ఏడు నెలలుగా ఊ అనని మనిషి, స్పష్టంగా, ఒక అక్షరం తొణక్కుండా అన్నాడు.

ఆమె పొంగిపోలేదు. ఇలాంటివి ఆసుపత్రిలో చూసింది. సొంత పేరు చెప్పలేని మనిషి పరలోక ప్రార్థన మొదటి నుంచి చివరిదాకా చెప్పేయడం, పాట అందుకోవడం మామూలే. అది నోటికి వచ్చినది, మనసుకి వచ్చినది కాదని డాక్టర్లు చెప్పేవారు. అయినా చూద్దామని పిల్లల్ని అడిగినట్టే అడిగింది. సినిమాలో ఏ మాట తను అన్నా, దానికి బదులు మాట ఆయన అందుకున్నాడు. తప్పలేదు. ఆమెకే మతిమరుపొచ్చి తప్పింది రెండుసార్లు. మర్నాడు డిస్కు తుడిచి పెడితే మళ్ళీ ఆడింది.

అసలు సంగతి వారం తిరక్కుండా తెలిసింది. స్నానం చేయిస్తుంటే నీళ్ళు వేడెక్కువయ్యాయి. ఆమె ఏమీ అనలేదు, సినిమా నడవట్లేదు. దొర తనంతట తనే, నాటకంలో లావుపాటి కల్నల్ అనే మాట అన్నాడు. "ఈ ఇంట్లో నన్ను ఉడకబెట్టాలని చూస్తున్నారు." ఇంకోరోజు ఏసీ చలికి, "ఎవరో కిటికీ వేయడం మరిచారు, మేడమ్." భార్య కుర్చీ మీద దీవెనమ్మ బట్టలు మడతపెట్టబోతే, "అది ఆవిడ కుర్చీ. దయచేసి ఎవరూ కూర్చోకండి." అన్నీ సినిమాలోవే. కానీ ఏదెక్కడ వాడాలో ఎంచుకుంటున్నది ఆయన. సొంత మాటలు పోయిన మనిషి తల్లి ఇంట్లోంచి మాటలు అరువు తెచ్చుకుని పని నడుపుకుంటున్నాడు. దీవెనమ్మకి ఆ రోజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ సాయంత్రమే కేస్ షీట్‌లో రాయాలి. ట్రైనింగ్ రోజుల్లో గంగులమ్మ సిస్టర్ బెత్తం పుచ్చుకుని మరీ నేర్పింది, షీట్‌లో రాయనిది జరగనట్టే లెక్కని. రోజూ ఒక వరుస: జ్వరం, బీపీ, తిండి, విరేచనం, మాట. ఆమె కలం తీసింది. తీసి, అలాగే కూర్చుంది.

ఎందుకంటే ఆ పద్నాలుగో తారీకునే, ఆమె చర్చి నుంచి రాగానే మార్టిన్ ఫోన్ చేశాడు. దొర కుర్చీ పక్కనే ఆమె స్పీకర్‌లో పెట్టి మాట్లాడింది. ఇక మిమ్మల్ని ఆపనని చెప్పాడు. అక్టోబరు చివర తను వస్తాడు, ఒక డాక్టరుతో చూపిస్తాడు. తల్లి పోయిన ఏడాది తండ్రి ఒక కాయితం రాసి ఇచ్చాడట, నాకేం కావాలో నేను చెప్పగలిగినంత కాలం నన్ను ఈ ఇంటి నుంచి కదిలించొద్దు, చెప్పలేని రోజు వస్తే నీ ఇష్టమని. నాన్న చెప్పలేడని డాక్టరు రాసిస్తే, ఇంగ్లండులో వృద్ధుల ఆశ్రమానికి తీసుకెళ్ళిపోతాడు. అక్కడ మంచి తోట ఉందట. మీ వీసా రద్దు చేసి, ముప్ఫై ఒకటో తారీకు శనివారానికి టిక్కెట్టు తీస్తానన్నాడు. ఒకవేళ మాట తిరిగొస్తే మాత్రం, మీరు లేకుండా ఇక్కడ నడవదు, ఇంకో ఏడాదో రెండేళ్ళో ఉండాల్సి వస్తుందని నవ్వుతూ అన్నాడు. అతనికి అది నవ్వులాటే.

ఏడాదో రెండేళ్ళో. ఆ మాట తలుచుకుంటే ఆమె మోకాళ్ళు నిజంగానే సలిపాయి. "మాట" అన్న గడిలో, అంతకుముందు రోజుల్లో రాసినట్టే "లేదు" అని రాసింది.

మర్నాడూ అదే రాసింది. ఆ మర్నాడూ అదే. అబద్ధమని తెలుసు. రాసేటప్పుడు గడియారం వైపు చూసేది, నీళ్ళ గ్లాసు వైపు చూసేది, కుర్చీలో ఉన్న మనిషి వైపు చూసేది కాదు. శుక్రవారాలు పిల్లలకి వాక్యం చెప్తూ సగంలో ఆగిపోయేది. జలుబు చేసిందని చెప్పి మంచినీళ్ళు తాగేది.

దేవయ్య జగిత్యాల వైపు మనిషి. ఇంగ్లీషు ముక్క రాదు. ఒకరోజు మొక్కలకి నీళ్ళు పెట్టి, పైపు చుట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దొర మాట్లాడుతుండు గద సిస్టరమ్మా. కొడుక్కు జెప్పలేదా?"

"అది మాట కాదు దేవయ్యా. సినిమా."

"నాకేం ఎరుక, ఇంగిలీషు. గని దుప్పటి గావాల్నంటే ఒక మాటంటడు, కాళ్ళు గుంజుతున్నయంటే ఇంకో మాటంటడు. నేను గవి తెచ్చిస్తున్న గద. గది సినిమా ఎట్లయితది?"

ఆమె టీ పెట్టడానికి లేచింది. అతను మళ్ళీ అడగలేదు. ఊళ్ళో పెళ్ళాం సునీతని చూసి అతనికీ మూడేళ్ళయింది. ఇంటికి పోవాలనుకునే మనిషిని తప్పుపట్టేంత తీరిక అతనికీ లేదు.

మార్టిన్ అక్టోబరు ఇరవై ఎనిమిదిన, బుధవారం దిగాడు. యాభై దాటినవాడు, కళ్ళ కింద నల్లగా ఉంది. తండ్రిని ముద్దుపెట్టుకుని, ఎదురుగా కూర్చుని, కూర్చున్నచోటే నిద్రపోయాడు. లేచాక ఆమెకి టిక్కెట్టు కాయితం ఇచ్చాడు. ఆమె దాన్ని నాలుగుసార్లు చదివింది. ఆ సాయంత్రం పాలకొల్లు ఫోన్ చేసింది.

"ఏవండీ, శనివారం బయల్దేరుతున్నానండి. టిక్కెట్టు చేతిలోనే ఉంది."

"ఈసారి నిజవేనా దీవెనా?" అన్నారు మనోహరం గారు. మూడుసార్లు పరుపు ఎండబెట్టి మూడుసార్లు మళ్ళీ చుట్టిపెట్టిన మనిషి మరేమంటారు?

నాలుగింటికి సినిమా పెట్టారు. మార్టిన్ కూడా కూర్చున్నాడు, చిన్నప్పుడు నానమ్మతో కలిసి ఎన్నిసార్లు చూశానో అని. దీవెనమ్మ దొర పెదాల వైపే చూస్తూ నిలబడింది. దొర్కాస్ వచ్చి మాటంది. తెర మీద యజమాని బదులు చెప్పాడు. దొర పెదవి కదల్లేదు. రెండోసారి, మూడోసారి, తొమ్మిదోసారి. రెండున్నర నెలలుగా ప్రతి మాటకీ తోడు పలికిన మనిషి పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. మాట మళ్ళీ పడిపోయిందేమోనని ఆమె భయపడింది. రాత్రి దుప్పటి కప్పుతుంటే ఆయన బాగున్న చెయ్యి ఆమె చేతి మీద ఒకసారి వేసి తీసేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆగస్టులో ఆ ఫోన్ స్పీకర్‌లో ఉంది. మాట తిరిగొస్తే ఆమె ఇంటికి పోవడం ఉండదన్న సంగతి ఆయన విన్నాడు. కొడుకు ముందు నోరు విప్పకుండా ఉన్నది ఆమె కోసమే.

ఆ రాత్రి దీవెనమ్మకి నిద్ర పట్టలేదు. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఇంత మంచితనం చూపించమని ఎవరడిగారు? తను ఒక్కతీ దొంగతనం చేస్తుంటే ఏదో విధంగా సర్దుకుంది. ఆయన కూడా తోడొచ్చేసరికి సర్దుకోవడం కుదరలేదు.

గురువారం సాయంత్రం డాక్టరు వచ్చాడు, అజ్మత్ అని, హైదరాబాదు మనిషే, నెమ్మదస్తుడు. మీ పేరేమిటని అడిగాడు. ఇది ఏ ఊరని అడిగాడు. కలం చూపించి, ఇదేమిటని అడిగాడు. మీ అబ్బాయితో వెళ్తారా, ఇక్కడే ఉంటారా అని కూడా అడిగాడు. దొర కిటికీలోంచి తోట చూస్తూ ఉండిపోయాడు. డాక్టరు కేస్ షీట్ తెప్పించుకుని వెనక నుంచి ముందుకి తిప్పాడు. లేదు, లేదు, లేదు. తన కాయితం మీద రాయడం మొదలుపెట్టాడు. మార్టిన్ తల దించుకుని ఏడుస్తున్నాడు.

దీవెనమ్మ బల్ల పక్కనే నిలబడి ఉంది. శనివారానికి రెండు రోజులుంది. ఇంకో అయిదు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. అంత చిన్నపని చేయలేకపోయింది. దొర కుర్చీ ముందుకి వచ్చి, ఏప్రన్ లేదు గనక చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.

"అయ్యా, మీతో ఒక మాట చెప్పుకోవాలి."

ఆయన ఆమె వైపు చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ అంది. శుక్రవారాలు పిల్లల్ని అడిగినట్టే, తక్కిన సగం చెప్పేదాకా కదలనన్నట్టు నిలబడింది. ఆయన చాలాసేపు చూశాడు. చూసి, నోరు విప్పాడు.

"తలుపు తెరిచే ఉంది, అమ్మాయ్. వెళ్ళు. నిన్ను ఎవరు పట్టుకున్నారు?"

డాక్టరు కలం ఆపాడు. ఆపి, కాస్త జాలిగా, ఆ సినిమా సంగతి నాకు మార్టిన్ చెప్పారు, ఒక మాటకి రెండో మాట ఇలా అలవాటుగా వచ్చేస్తుంది, దీనికి అర్థం ఉండదు సిస్టర్, మీకూ తెలిసిందే కదా అన్నాడు.

"కాదు," అన్నాడు మార్టిన్. అతని మొహం పాలిపోయి ఉంది. "ఆ మాటకి బదులు అది కాదు. టీ అయ్యాక చూద్దాం అనాలి. ఇప్పుడన్నది ఆఖరి సీన్‌లోది. నానమ్మని ఇంటికి పంపించేసేటప్పుడు అనేది."

తర్వాత దీవెనమ్మ మాట్లాడింది. ఆగస్టు పద్నాలుగు నుంచి జరిగింది జరిగినట్టు చెప్పింది. స్నానం నీళ్ళు, కిటికీ, ఆవిడ కుర్చీ. తను ఎందుకు దాచిందో కూడా, ఇంటికి పోవాలని దాచానని, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది. కేస్ షీట్‌లో తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింద ఉన్నది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాసి, సంతకం పెట్టాలి. ఆమె అక్కడే కూర్చుని, వాళ్ళు చూస్తుండగా, ఒక్కో రోజూ వెతికి గీత కొట్టింది. "లేదు" కొట్టి "ఉంది" రాసి సంతకం. డెబ్బై ఏడు రోజులు, డెబ్బై ఏడు సంతకాలు. సగంలో వేళ్ళు కొంకర్లు పోతే చెయ్యి విదిల్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది. డాక్టరు ఆగాడు, తొందరపెట్టలేదు. తన కాయితం చింపి జేబులో పెట్టుకుని, ఇంటి నుంచి కదిలించొద్దని కొత్త కాయితం రాశాడు.

మార్టిన్ కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి. అతను కోప్పడలేదు. డాక్టరు వెళ్ళాక వచ్చి, ఎదురుగా కూర్చుని, మీరు ఇంకో ఏడాది ఉండగలరా అని అడిగాడు. బతిమాలుతున్న గొంతు. ఆమె ఎప్పట్లాగే అవుననబోయింది. నోరు అలవాటు పడిపోయింది మరి. అప్పుడు దొర కుర్చీలోంచి, ఎవరూ అడక్కుండానే, ఆ ఆఖరి సీను మాట మళ్ళీ అన్నాడు. ఈసారి కొడుకు వైపు తిరిగి అన్నాడు, గట్టిగా.

"శనివారం నేను వెళ్ళాలి," అంది దీవెనమ్మ. ఈ ఇంట్లో ఆ మాట పూర్తిగా అనడం అదే మొదటిసారి. "కొత్త సిస్టర్ వచ్చేదాకా మీరుండండి. నేను నేర్పిస్తాను."

గురువారం రాత్రి, శుక్రవారం పొద్దంతా మార్టిన్‌కి పాఠం జరిగింది. ఆమె చర్చికి కూడా వెళ్ళలేదు. దొర వాడే మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసి, పక్కన అర్థం రాసింది. ఇది చలికి, ఇది నొప్పికి, ఇది ఒంటరిగా వదిలేయమనడానికి. సినిమా చిన్నప్పటి నుంచి చూసినవాడే, అయినా కల్నల్ మాటలు సినిమాలో వచ్చే చర్చి ఫాదర్ గారి నోట్లో పెట్టేవాడు. తప్పు చెప్పినప్పుడల్లా నిలబెట్టింది. దొర పళ్ళు కనపడేలా నవ్వాడు. దేవయ్య టీ కప్పులు తీస్తూ, సార్‌కంటె నాకే మంచిగొచ్చు గదా అన్నాడు. అది నిజం. దేవయ్యకి మాటల అర్థం తెలీదు, ఏ మాటకి ఏం తెచ్చివ్వాలో మాత్రం తెలుసు. మార్టిన్ అతని దగ్గర కూడా నేర్చుకున్నాడు.

శనివారం నాలుగింటికి టాక్సీ వచ్చింది. దేవయ్య పెట్టె మోసుకెళ్ళి డిక్కీలో పెట్టాడు. దీవెనమ్మ చెప్పులు వేసుకోబోయి, మళ్ళీ లోపలికి వచ్చింది. దొర కుర్చీ ముందు నిలబడింది. క్షమించమని అడగాలి, దేవుడు మిమ్మల్ని దీవించాలి అనాలి, ఇంకా చాలా అనాలి. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది ఆ ఒక్కటే.

"అయ్యా, మీతో ఒక మాట చెప్పుకోవాలి."

"టీ అయ్యాక చూద్దాం, దొర్కాస్," అన్నాడు దొర.

ఈసారి అన్నది సరైన బదులే. ఎనభై నాలుగేళ్ళ కిందటి సినిమాలో ఉన్నదే. కానీ ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. బాగున్న చెయ్యి చాపి, పక్కనున్న కుర్చీ చేతిని రెండుసార్లు తట్టాడు. అది ఆవిడ కుర్చీ.

మార్టిన్ గబగబా వంటింట్లోకి వెళ్ళాడు. దీవెనమ్మ కొంగు సర్దుకుని ఆ కుర్చీలో కూర్చుంది. ఈ ఇంట్లో తొమ్మిది నెలలు టీ పెట్టింది, కూర్చుని తాగింది మాత్రం లేదు. బయట టాక్సీ అతను హారన్ కొట్టబోతే దేవయ్య ఏదో చెప్పి ఆపాడు. మార్టిన్ రెండు కప్పులు తెచ్చాడు. పాలు చల్లగా పోశాడు, పంచదార వేయడం మరిచిపోయాడు. ఆమె దొరకి తాగించి, తన కప్పు తీసుకుని, అడుగుదాకా తాగింది.